చిన్న ఊళ్లో వాలంటీర్లతో సినిమా క్లబ్ నడపడం ఎలా: హాలు తాళం తీసిన దగ్గర్నుంచి మళ్లీ వేసేదాకా

రాజమండ్రిలో మేం నెలకోసారి సినిమా వేస్తున్నామని తెలిసిన దగ్గర్నుంచి ఒకటే ప్రశ్నలు. ప్రొజెక్టర్ ఎలాంటిది, పర్మిషన్ ఎవరిస్తారు, జనం వస్తారా, డబ్బులెలా. ఒక్కొక్కళ్లకీ ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి మొత్తం ఒకచోట రాసేస్తున్నా. భీమవరం అయినా నర్సీపట్నం అయినా సిద్దిపేట అయినా పద్ధతి ఇదే, హాలూ మనుషులూ మారతారంతే.

ముందే ఒక మాట. మా మొదటి నాలుగు షోల్లో వచ్చిన తంటాలన్నీ ఒకే కారణంతో వచ్చాయి, ఏదో ఒకటి ఒక్కటే ఉండటం. ఒక్క కేబుల్, ఒక్క లాప్‌టాప్, ఒక్క తాళంచెవి, అన్నీ తెలిసిన ఒక్క మనిషి. అందుకే కింద మాటిమాటికీ "రెండోది ఉందా?" అని అడుగుతూ ఉంటా, విసుక్కోకండి.

1. ముందు మనుషులు, ప్రొజెక్టర్ తర్వాత

అందరూ చేసేది ఏంటంటే ఉత్సాహంలో ముందు ప్రొజెక్టర్ కొనేస్తారు. ఆ తర్వాత మూడు షోలు వేసి, నాలుగో నెల అది ఎవరింట్లోనో బీరువా మీదకి ఎక్కేస్తుంది. ఆపండి. ముందు ఏడుగుర్ని పోగెయ్యండి.

ఏడుగురే ఎందుకంటే, 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు కావాలి. రేపు బ్యాంకు ఖాతా తెరవాలన్నా, ఎవరికైనా ఉత్తరం రాయాలన్నా ఒక పేరూ ఒక నంబరూ ఉంటే పని సులువు. మొదటి మూడు షోలదాకా రిజిస్ట్రేషన్ గురించి పరిగెత్తక్కర్లేదు, కానీ ఆ ఏడుగురెవరో మాత్రం మొదటి రోజే తేలిపోవాలి.

పనులు ఇలా పంచుకోండి:

- హాలు, తాళం, ఓనరుతో మాటలు
- సినిమా ఎంపిక, పర్మిషన్ ఉత్తరాలు
- ప్రొజెక్టర్, లాప్‌టాప్, సబ్‌టైటిల్స్
- సౌండు (ఇది వేరే మనిషి, ప్రొజెక్టర్ మనిషికే అంటగట్టకండి)
- గుమ్మం దగ్గర పేర్లు రాయడం, డబ్బుల పుస్తకం
- కుర్చీలు, నీళ్లు, దోమల చక్రాలు, ఊడవడం
- ప్రచారం, పోస్టర్

ప్రతి పనికీ ఒక రెండో మనిషి పేరు పక్కన రాసుకోండి, ఆ రెండో మనిషి ఏడుగురిలోనే ఇంకొకరైనా పర్లేదు. మాకు రెండో షో రోజు ఏమైందంటే, తాళంచెవి ఉన్న మిత్రుడు తణుకులో పెళ్లికి వెళ్లాడు, ఆరింటికల్లా వచ్చేస్తా అన్నాడు, ఆ భోజనాలు అయ్యేసరికే ఆరు. జనం నలభై మంది వీధిలో నిలబడి ఉన్నారు, ఎదురింటి మామ్మగారు జాలిపడి అరుగు మీద కూర్చోమని మంచినీళ్లిచ్చింది. షో ఏడుంపావుకి మొదలైంది. ఆ మర్నాడే రెండో చెవి చేయించాం, నలభై రూపాయలతో పోయేదానికి అంత పరువు పోగొట్టుకున్నాం.

ఇంకోటి. సినిమా పిచ్చోళ్లు మాత్రమే ఏడుగురూ అయితే క్లబ్ నడవదు. ఫ్రెంచి దర్శకుడు గొదార్ గురించి గంట మాట్లాడేవాడు కుర్చీలు మోయడు. కనీసం ఇద్దరు సినిమా మీద పెద్ద ఆసక్తి లేకపోయినా పని అంటే ముందుకొచ్చేవాళ్లు ఉండాలి, మా దగ్గర అలాంటివాడొకడు సైకిల్ షాపు నడుపుతాడు, సగం సినిమాల్లో నిద్రపోతాడు, కానీ వాడు లేని రోజు మాకు చెయ్యి విరిగినట్టు ఉంటుంది.

2. హాలు చూసేటప్పుడు సాయంత్రం ఆరింటికి వెళ్లండి

పొద్దున్న పదకొండింటికి వెళ్లి "బావుందండీ, విశాలంగా ఉంది" అనేసి వస్తే అసలు విషయాలు తెలీవు. మీరు షో ఏ టైంకి వేస్తారో ఆ టైంకే, అదే వారం రోజునే వెళ్లండి. ఆదివారం సాయంత్రం పక్క గుడిలో మైకు పెడతారేమో, వెనక వీధిలో ట్యూషన్ వదిలాక స్కూటర్ల గోల ఉంటుందేమో అప్పుడే తెలుస్తుంది.

ఎక్కడ దొరుకుతాయంటే స్కూలు హాళ్లు, లైబ్రరీల మీటింగ్ రూములు, ఉద్యోగ సంఘాల భవనాలు, అపార్ట్‌మెంట్ సెల్లార్ పక్క కమ్యూనిటీ హాళ్లు, చిన్న ఫంక్షన్ హాళ్లు. ఫంక్షన్ హాలు మాత్రం ఆఖరి ఛాయిస్‌గా పెట్టుకోండి, ముహూర్తాలొస్తే మన డేటు గాల్లో కలిసిపోద్ది.

హాల్లో చూడాల్సినవి:

- కిటికీలు మూస్తే ఎంత చీకటి పడుతుంది, ఎండాకాలం ఆరున్నరకి కూడా వెలుగుంటుంది మర్చిపోకండి
- ఫ్యాన్లు ఫుల్లుగా తిప్పి చివరి వరసలో కూర్చుని, ముందు ఎవరైనా మామూలు గొంతుతో మాట్లాడితే వినిపిస్తోందా
- ప్లగ్గులు ఎక్కడున్నాయి, పని చేస్తున్నాయా (టెస్టర్ జేబులో పెట్టుకెళ్లండి)
- రెండో తలుపు ఉందా, అది లోపల్నుంచి తెరుచుకుంటుందా
- బాత్రూం, అందులో నీళ్లు, లైటు
- ముసలివాళ్లు ఎక్కగలిగే మెట్లేనా, చక్రాల కుర్చీ వెళ్లే దారి ఉందా
- బళ్లు ఎక్కడ పెడతారు, రాత్రి తొమ్మిదిన్నరకి ఆడవాళ్లు బయటికొస్తే వీధిలైటు ఉందా

చప్పట్ల పరీక్ష ఒకటి చెయ్యండి. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట. "టప్" అని ఆగిపోతే మంచిది. "టప్ప్ప్ప్" అని మోగుతూ ఉంటే డైలాగులు అర్థం కావు, ఎంత పెద్ద స్పీకర్లు పెట్టినా కావు. దానికి మందు ఖరీదైనదేం కాదు, టెంట్ హౌస్ నుంచి జంపఖానాలు తెచ్చి వెనక గోడకీ ఒక పక్క గోడకీ వేలాడదీసి, కింద కూడా పరిచెయ్యండి. జనం నిండాక మోత ఇంకా తగ్గుతుంది.

ఓనరుతో మాట నోటితో అయిపోయిందనుకోకండి. ఒక కాగితం మీద తేదీ, టైము, బాధ్యత ఎవరిది, కరెంటు ఖర్చు ఎవరిది అని రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. అలాగే రెవెన్యూ ఆఫీసులో, పోలీస్ స్టేషన్లో సభ్యుల కోసం ఫలానా చోట ప్రదర్శన అని ఉత్తరం ఇచ్చి, ఇంకేమైనా కావాలా అని అడిగి, స్టాంపు వేసిన కాపీ తెచ్చుకోండి. సినిమా ప్రదర్శనకి లైసెన్సుల విషయంలో ఆంధ్రప్రదేశ్ సినిమాల నియంత్రణ చట్టం 1955 నుంచీ ఉంది, టికెట్లు అమ్మి పబ్లిక్ షో అంటే నేరుగా దాని వాకిట్లోకి వెళ్లినట్టే. ఆరుబయట వేస్తే ఇంకో చిక్కు, రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్ కుదరదు. ఆరుబయట షో అంటే అందరికీ సరదా గానీ మొదటి ఏడాది దాని జోలికి పోకండి, వానా, దోమలూ, కుక్కలూ, మైకు పర్మిషనూ అన్నీ ఒకేసారి మీద పడతాయి.

3. సినిమా హక్కులు: అందరూ బోల్తా పడేది ఇక్కడే

నాకొచ్చే ప్రశ్నల్లో సగం ఇవే, సమాధానాలు వరసగా ఇచ్చేస్తా.

"మేం ఫ్రీగా వేస్తున్నాం కదండీ?" ఫ్రీ అయినా పర్మిషన్ కావాలి. కాపీరైట్ చట్టంలో ఔత్సాహిక క్లబ్బులకి ఉన్న మినహాయింపు నాటకాలూ సంగీతం లాంటివాటికి, సినిమాకి కాదు.

"ఒరిజినల్ డీవీడీ కొన్నాం కదా?" అది ఇంట్లో చూసుకోడానికి.

"ఓటీటీకి నెలనెలా కడుతున్నాం కదా?" అదీ ఇంటికే. కాకపోతే నెట్‌ఫ్లిక్స్ తన సొంత డాక్యుమెంటరీల్లో కొన్నిటిని చదువు కోసం, లాభం లేకుండా ఒకసారి చూపించుకోడానికి అనుమతిస్తుంది, ఏ సినిమాకి ఆ వీలుందో వాళ్ల సైట్లోనే ఆ సినిమా వివరాల దగ్గర రాసి ఉంటుంది.

"స్కూల్లో వేస్తే?" విద్యాసంస్థ కార్యక్రమంలో భాగంగా పిల్లలు, టీచర్లు, తల్లిదండ్రులు, ఆ సంస్థ కార్యకలాపాలతో సంబంధం ఉన్నవాళ్లకి మాత్రమే అయితే చట్టం 52వ సెక్షన్లో వెసులుబాటు ఉంది. హాలు స్కూలుదైనంత మాత్రాన ఊళ్లోవాళ్లందర్నీ పిలిస్తే ఆ వెసులుబాటు లేదు, ఈ తేడా చూసుకోండి.

"పాత సినిమాలు?" మన దేశంలో సినిమా మీద కాపీరైటు విడుదలైన తర్వాతి ఏడాది మొదటి నుంచి లెక్కేసి 60 ఏళ్లు. ఆ లెక్కన 1957లో వచ్చిన మాయాబజార్ మీద సినిమాగా ఉన్న హక్కు 2017 ఆఖరుతో అయిపోయింది. కానీ 2010లో వచ్చిన రంగుల వెర్షన్ వేరే సరుకు, దాన్ని ఆ లెక్కలో కలపకండి. కథ, పాటలు రాసినవాళ్ల హక్కులు విడిగా ఉండొచ్చు కూడా. ఆ సినిమా మంచి ప్రింటు ఎవరి దగ్గరుందో వాళ్లని ఎలాగూ అడగాలి కాబట్టి పాతదైనా ఒక ఉత్తరం రాసి పెట్టుకోవడం నా అలవాటు.

మరి సినిమాలు ఎక్కణ్ణుంచి వస్తాయంటే, మాకు పనికొచ్చిన దారులు చెప్తా.

ఒకటి, నేరుగా తీసినవాళ్లనే అడగడం. చిన్న బడ్జెట్ సినిమాలు, డాక్యుమెంటరీలు తీసేవాళ్లు మీరు అనుకున్నంత బెట్టు చెయ్యరు, చూసేవాళ్లు దొరికితే చాలనుకునేవాళ్లే ఎక్కువ. మేం రాసిన పదింటిలో ఆరుగురు ఒప్పుకున్నారు, ఒకాయన సొంత ఖర్చుతో రైలెక్కి వచ్చి ప్లాట్‌ఫాం మీద దిగీ దిగగానే "హాల్లో సౌండెలా ఉంది?" అని అడిగాడు.

రెండు, ఎన్‌ఎఫ్‌డీసీ, అంటే కేంద్ర ప్రభుత్వ జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ. 2022లో ఫిల్మ్స్ డివిజన్, చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ, పుణేలోని ఫిల్మ్ ఆర్కైవ్ అన్నీ దీని కిందకే వచ్చాయి, కాబట్టి పాత డాక్యుమెంటరీలకీ పిల్లల సినిమాలకీ ఇప్పుడు అడగాల్సిన గుమ్మం అదే.

మూడు, ఫెడరేషన్ ఆఫ్ ఫిల్మ్ సొసైటీస్ ఆఫ్ ఇండియా. సత్యజిత్ రాయ్ అధ్యక్షుడిగా 1959లో పెట్టింది. ఆరునెలలు నిలబడ్డాక ఇందులో చేరే సంగతి ఆలోచించండి, విదేశీ సినిమాల ప్యాకేజీలు సొసైటీలకి వీళ్ల ద్వారా తిరుగుతుంటాయి.

నాలుగు, హైదరాబాద్‌లో అలయన్స్ ఫ్రాన్సేజ్, గోథే జెంట్రమ్ లాంటి సంస్థలు. మర్యాదగా ఒక ఉత్తరం రాస్తే పోయేదేం లేదు.

ఉత్తరం పొడుగ్గా వద్దు. మేం పంపేది ఇంతే:

"నమస్కారం అండి. రాజమండ్రిలో మేం ఏడుగురం కలిసి నెలకోసారి సినిమా వేస్తాం. టికెట్ లేదు, సభ్యులు మాత్రమే, అరవై మంది పట్టే హాలు. ఫలానా నెల రెండో ఆదివారం సాయంత్రం మీ సినిమా ఒక్కసారి చూపించడానికి మీ అనుమతి కావాలి. కాపీ చెయ్యం, రికార్డు చెయ్యనివ్వం, షో అయిన మర్నాడు ఫైల్ తీసేస్తాం. ఫీజు ఏమైనా ఉంటే చెప్పండి, మా వల్ల అయ్యేదేమో చూసి రెండ్రోజుల్లో చెప్తాం. ఎంతమంది చూశారో, ఏమన్నారో షో తర్వాత మీకు రాస్తాం."

ఆ ఆఖరి వాక్యం రాశారంటే నిజంగా రాసి పంపండి, చాలామంది అక్కడ ఎగ్గొట్టేస్తారు. ఆ రిపోర్టు చూసి ఒక దర్శకురాలు తన ఇంకో రెండు సినిమాలు మేం అడక్కుండానే పంపింది.

సెన్సార్ సర్టిఫికెట్ కూడా చూసుకోండి. 2024 నుంచి యూఏలో 7, 13, 16 ఏళ్ల విభాగాలొచ్చాయి, పోస్టర్ మీద అది వెయ్యండి. "ఏ" సినిమా అయితే గుమ్మం దగ్గర మొహమాటం పనికిరాదు, పిల్లాణ్ణి తీసుకొచ్చిన పెద్దాయన ఎంత తెలిసినవాడైనా సరే.

4. సామాను: సౌండుకి ముందు డబ్బు పెట్టండి, బొమ్మకి తర్వాత

బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు. మాట వినపడకపోతే పదిహేనో నిమిషానికి చెప్పులేసుకుంటారు. మా మొదటి షోలో ప్రొజెక్టర్లోనే స్పీకర్ ఉంది కదా అని దాంతోనే వేశాం, అది ఫ్యాన్ల హోరులో తేనెటీగ ముక్కుతో పాడుతున్నట్టుంది.

అరవై మంది హాలుకి స్టాండు మీద పెట్టే పవర్డ్ స్పీకర్లు (యాంప్లిఫయర్ లోపలే ఉండేవి) రెండు, పది లేదా పన్నెండు అంగుళాలవి చాలు. తెరకి రెండు పక్కలా, కూర్చున్నవాళ్ల తలకంటే కొంచెం ఎత్తులో. డీజే బాక్సులు వద్దే వద్దు, సౌండ్ సిస్టం అద్దెకిచ్చే అన్న "బాస్ లేకపోతే మజా ఏంటి సార్" అంటాడు, నవ్వి ఊరుకోండి.

ప్రొజెక్టర్ లెక్క ఇలా వేసుకోండి. థియేటర్లలో పాటించే ప్రమాణం తెర మీద చదరపు అడుగుకి దాదాపు 16 ల్యూమెన్లు (ల్యూమెన్ అంటే వెలుతురు కొలత). పన్నెండడుగుల వెడల్పు తెర అయితే ఎత్తు ఆరడుగుల తొమ్మిదంగుళాలు, అంటే 81 చదరపు అడుగులు. 3,500 ల్యూమెన్లు అని డబ్బా మీద ఉన్న ప్రొజెక్టర్ సినిమా మోడ్‌లో పెట్టేసరికి సగానికి పడిపోతుందనుకోండి, 1,750ని 81తో భాగిస్తే 21 పైన వస్తుంది. చీకటి హాలుకి సరిపోతుంది. కిటికీల్లోంచి వెలుగు కారే హాలైతే తెర పదడుగులకి తగ్గించండి, పెద్ద తెర మీద పాలిపోయిన బొమ్మకంటే చిన్న తెర మీద నిండు బొమ్మ మేలు.

దూరం కూడా అడగండి. అద్దెకిచ్చేవాడు త్రో రేషియో 1.5 అంటే వెడల్పుకి ఒకటిన్నర రెట్లు వెనక పెట్టాలని, పన్నెండడుగుల తెరకి పద్దెనిమిది అడుగులు. సరిగ్గా అక్కడ స్తంభమో సీలింగ్ ఫ్యానో ఉంటే ముందే తెలియాలి, ఫ్యాను రెక్క నీడ హీరో మొహం మీద తిరుగుతుంటే చూడలేం.

తెరకి ఫ్లెక్స్ కొట్టుకెళ్లి ప్రింటు వెయ్యని తెల్ల ఫ్లెక్స్ తెచ్చుకోండి, మెరుపు లేని వైపు వాడండి. అంచుల చుట్టూ నాలుగంగుళాల నల్ల గుడ్డ కుట్టిస్తే బొమ్మ ఒక్కసారిగా థియేటర్లో లాగా కనిపిస్తుంది, ఎందుకో తెలీదు గానీ ఖర్చు పెట్టినదాంట్లో అందరూ మెచ్చుకున్నది అదొక్కటే. ముడతలు పడకుండా కింద కర్ర దూర్చి బరువు కట్టండి, మడతపెట్టొద్దు, చుట్టి పెట్టండి.

ఆరు షోలదాకా పెద్ద సామాను ఏదీ కొనొద్దు, ముందు ఈ చిల్లర సామాను కొనుక్కోండి:

- హెచ్‌డీఎంఐ కేబుల్ రెండు, ఒకటి పది మీటర్లది, ఇంకోటి పొట్టిది
- లాప్‌టాప్‌కి సరిపడే అడాప్టర్లు, ఇవీ రెండు
- స్పీకర్లకి ఆడియో కేబుల్, దానికో రెండోది
- ఎక్స్‌టెన్షన్ బాక్సులు మూడు, ఎర్తింగ్ ఉన్నవి
- తీగలు నేలకి అంటించే వెడల్పు టేపు
- టార్చిలైటు, టెస్టర్, కత్తెర, మార్కర్
- సినిమా ఫైలు రెండు పెన్‌డ్రైవుల్లో, ఇద్దరు మనుషుల దగ్గర

5. ముందురోజు రాత్రి పని

"ఫైల్ ఓపెన్ అయింది, పది నిమిషాలు చూశా, ఓకే" అనేది టెస్ట్ కాదు. ఎవరో ఒకరు సినిమా మొత్తం చూడాలి, అదే లాప్‌టాప్‌లో, అదే ప్లేయర్‌లో. ఒకసారి మాకు గంటా నలభై నిమిషాల దగ్గర ఫైలు తెగిపోయి ఉంది, షో రోజు అక్కడ ఆగాక ఒక మేష్టారు లేచి మిగతా కథ నోటితో చెప్పారు, బాగానే చెప్పారు గానీ రోజూ ఆయన ఉండరు కదా.

చూసేటప్పుడు గమనించాల్సినవి: సబ్‌టైటిల్స్ ఆఖరిదాకా సరిగ్గా నడుస్తున్నాయా, ఆడియో ట్రాకు అసలు భాషదేనా, బొమ్మ సాగిపోలేదు కదా. పాత సినిమా బొమ్మ చతురస్రానికి దగ్గరగా ఉంటుంది, పక్కన నల్ల ఖాళీ వస్తే రానివ్వండి. తెర నిండాలని సాగదీస్తే సావిత్రి మొహం కూడా గుమ్మడికాయ అవుతుంది.

తెలుగు సబ్‌టైటిల్స్ మీరే చేస్తే ఫైలు యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి, సేవ్ చేసేటప్పుడు ఎంచుకోవాలి) సేవ్ చెయ్యండి, లేకపోతే ప్రశ్నార్థకాలు, డబ్బాలు వస్తాయి. ఒత్తులు విడిపోయి కనిపిస్తుంటే ప్లేయర్ పాతదై ఉంటుంది, వీఎల్‌సీ కొత్త వెర్షన్ వేసి ఫాంటు నోటో సాన్స్ తెలుగుకి మార్చండి. రెండు వరసలు మించొద్దు. తెలుగు మాటలు పొడుగు కాబట్టి ఇంగ్లీషు సబ్‌టైటిల్‌ని మాటకి మాట మార్చకండి, భావం పట్టుకుని పొట్టిగా రాయండి.

లాప్‌టాప్‌లో ఇవి ఆపెయ్యండి: నోటిఫికేషన్లు, అప్‌డేట్లు, స్క్రీన్‌సేవర్, నిద్రపోయే సెట్టింగు, వైఫై. ఒక ఇరాన్ సినిమాలో అబ్బాయి కొండ ఎక్కుతున్నాడు, హాలంతా నిశ్శబ్దం, కుడిపక్క కింద తెర మీద "అమ్మ: వచ్చేప్పుడు పెరుగు పేకెట్టు తే" అని పడింది. ఆ లాప్‌టాప్ నాదే. ఇప్పటికీ నన్ను చూస్తే పెరుగు తెచ్చావా అంటారు.

6. షో రోజు వరస

ఆరున్నర షోకి మేం పాటించేది ఇది.

- 4:30: తాళం తీయడం, ఊడవడం, కిటికీలకి నల్ల గుడ్డలు
- 4:45: తెర కట్టడం, ప్రొజెక్టర్ పెట్టడం, స్పీకర్లు
- 5:15: తీగలన్నీ టేపుతో నేలకి అంటించడం, నడిచే దారిలో ఒక్కటీ తేలకూడదు
- 5:30: సౌండు చెక్, ఫ్యాన్లు తిప్పి, ఆఖరి మూల కుర్చీలోంచి
- 5:50: సినిమా మొదలు, మధ్య, ఆఖరు ఒక్కో నిమిషం తెర మీద చూడటం
- 6:00: తలుపులు తెరవడం, పేర్లు రాయడం
- 6:28: ఫోన్లు ఆపమని చెప్పి, సినిమా గురించి రెండు నిమిషాలు
- 6:30: లైట్లు ఆపడం

ఆరున్నరకి తొమ్మండుగురే ఉన్నా మొదలుపెట్టెయ్యండి. "ఇంకో పది నిమిషాలు చూద్దాం, వస్తున్నారంట" అన్నారో, టైంకి వచ్చినవాణ్ణి శిక్షించి లేటొచ్చినవాణ్ణి గౌరవించినట్టే, వచ్చే నెల అందరూ ఏడింటికే వస్తారు. మేం మూడు నెలలు గట్టిగా నిలబడ్డాం, నాలుగో నెల నుంచి ఆరుంపావుకే కుర్చీలు నిండుతున్నాయి.

ముందుమాట మాట్లాడేవాళ్లు కథ చెప్పకూడదు. దర్శకుడి జీవిత చరిత్రా వద్దు. ఎక్కడి సినిమా, ఎంతసేపు, ఇంటర్వెల్ ఉందా లేదా, అయ్యాక కూర్చుని మాట్లాడుకుంటాం. చాలు.

ఇంటర్వెల్ అంటారా, విదేశీ సినిమాలకి ఇంటర్వెల్ ఉండదు గానీ మనవాళ్లకి కావాలి, ముసలివాళ్లకి తప్పదు. రెండు గంటలు దాటితే ముందురోజు చూసినాయనే ఎక్కడ ఆపాలో నిమిషం సెకండుతో చీటీ మీద రాసివ్వాలి, సీను మధ్యలో ఎవరికి తోచినచోట వాళ్లు ఆపకూడదు.

7. తేడా వస్తే ఏం చెయ్యాలి

ఈ భాగం ప్రింటు తీసి లాప్‌టాప్ పక్కన అంటించుకోండి.

తెర మీద ఏమీ రావట్లేదు: విండోస్ కీ, పీ కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి. రాకపోతే ప్రొజెక్టర్లో సోర్సు చూడండి. అప్పటికీ లేకపోతే ఆలోచిస్తూ కూర్చోకుండా రెండో కేబుల్ మార్చెయ్యండి, పదిలో ఎనిమిదిసార్లు జబ్బు కేబుల్‌దో అడాప్టర్‌దో.

బొమ్మ ఉంది, స్పీకర్లలో సౌండ్ లేదు: హెచ్‌డీఎంఐ పెట్టగానే సౌండు ప్రొజెక్టర్‌కి వెళ్లిపోయి ఉంటుంది. సౌండ్ సెట్టింగుల్లో హెడ్‌ఫోన్ దారికి మార్చండి.

పాటలు అదిరిపోతున్నాయి, మాటలు గుసగుస: 5.1 ఆడియోలో (ఆరు ఛానెళ్లుగా విడగొట్టిన సౌండు) మాటలు మధ్య ఛానెల్లో ఉంటాయి, మనకున్నవి రెండు స్పీకర్లు. ప్లేయర్లో స్టీరియోకి మార్చండి, బాస్ తగ్గించండి, గొంతు తేలుతుంది.

గుయ్ మని హమ్ వస్తోంది: లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. ఆగిపోతే ఎర్తింగ్ గొడవ. స్పీకర్లూ లాప్‌టాప్ ఒకే బోర్డు మీద పెట్టండి, ఛార్జింగ్ నిండుగా ఉంటే బ్యాటరీ మీదే నడపండి.

సబ్‌టైటిల్స్ ముందో వెనకో పడుతున్నాయి: వీఎల్‌సీలో ఆలస్యంగా వస్తుంటే జీ, ముందే వచ్చేస్తుంటే హెచ్ నొక్కుతూ పోండి. మొదట్లో సరిగ్గానే ఉండి పోనుపోను దూరం పెరుగుతుంటే ఈ మీటలతో కాదు, సినిమా ఫ్రేములు ఒక రేటు, సబ్‌టైటిల్ ఇంకో రేటు అన్నమాట. సెకనుకి 23.976 ఫ్రేములు, 25 ఫ్రేములు అనే తేడా అయితే గంటకి రెండున్నర నిమిషాలు జరుగుతుంది. ఇది ముందురోజు రాత్రే పట్టుకుని సబ్‌టైటిల్ ఎడిట్ లాంటి ప్రోగ్రాంతో మార్చుకోవాలి.

కరెంటు పోయింది: టార్చి వెయ్యండి, "కూర్చోండి, పది నిమిషాలు" అని ఒక్కరే గట్టిగా చెప్పండి. ఎక్కడ ఆగిందో టైము రాసుకోండి. కరెంటు రాగానే ప్రొజెక్టర్ వెంటనే ఆన్ చెయ్యకండి, ల్యాంపుది అయితే కొంచెం చల్లారనివ్వాలి. మే నెలలో అయితే ఇన్వర్టర్ ఉన్న హాలే చూసుకోండి, ప్రొజెక్టర్, లాప్‌టాప్ మాత్రమే దాని మీద, ఫ్యాన్లు కలిపితే అది చేతులెత్తేస్తుంది.

ప్రొజెక్టర్ దానంతటదే ఆగిపోయింది: వేడి. వెనక గాలి రంధ్రాల దగ్గర గుడ్డో గోడో ఉందేమో చూడండి, ఫిల్టర్ తీసి దుమ్ము దులపండి.

8. సినిమా అయ్యాక

లైట్లు భగ్గున వెయ్యకండి. పేర్లు పడుతుండగా ఒక పక్క లైటు, నిమిషం ఆగి మిగతావి. మాట్లాడుకోవడం అరగంట మించొద్దు.

ఇక్కడ మామూలుగా జరిగే ప్రమాదం ఏంటంటే, ఒక పెద్దమనిషి లేచి "నేను 72లో మద్రాసులో ఉన్నప్పుడు" అని మొదలెడతారు. పాతిక నిమిషాలు. ఎవరూ ఆపలేరు, ఊరి పెద్దాయన కదా. మా విరుగుడు, మొదటి మాట ఎప్పుడూ ఇంతవరకూ మాట్లాడనివాళ్లకి, అదీ "సినిమా ఎలా ఉంది" అని కాకుండా "మీకు ఏ సీను గుర్తుండిపోయింది?" అని అడుగుతాం. దానికి అందరి దగ్గరా జవాబుంటుంది. ఒకసారి ఇంటర్ చదివే అమ్మాయి ఆ ఇల్లాలు గిన్నె తోమిన సీను గురించి చెప్పింది, రోజూ చూసే పనే గానీ అంతసేపు ఎవరూ చూపించలేదని. మద్రాసు గారు ఆ రోజు ఏమీ మాట్లాడలేదు, పోతూ పోతూ ఆ అమ్మాయి పేరు అడిగి వెళ్లారు.

9. డబ్బులు

టికెట్ పెడితే లైసెన్సు చిక్కని పైన చెప్పా, అందుకే టికెట్ వద్దు. ఏడాది సభ్యత్వం పెట్టుకోండి, స్టూడెంట్లకి సగం. ఖర్చులు హాలు, అద్దె సామాను, సినిమా ఫీజు, టీ. ఈ నాలుగూ కలిపి ఏడాదికి ఎంతవుతుందో వేసి, వచ్చేవాళ్లలో సగం మందే కడతారనుకుని భాగించండి, అదే మీ సభ్యత్వం రేటు.

లోకల్ స్పాన్సర్లు వస్తామంటారు. మేం ఆలోచించి వద్దనుకున్నాం, బ్యానర్ తెర కంటే పెద్దది పెడతారు, సినిమా ముందు గంటన్నర సన్మానం ఉంటుంది. గోరఖ్‌పూర్‌లో 2006 నుంచి మొదలైన ప్రతిరోధ్ కా సినిమా (ప్రతిఘటన సినిమా) ఉత్సవాలు స్పాన్సర్లు లేకుండా చూసేవాళ్ల చందాలతోనే నడిపారు, అదీ మనలాంటి ఊరే. ఎవరైనా ఇస్తానంటే వస్తు రూపంలో అడగండి: కుర్చీలు, జంపఖానాలు, పోస్టర్ ప్రింటు.

పద్దు పుస్తకం ప్రతి షో తర్వాత గుమ్మం దగ్గర తెరిచి పెట్టండి, ఎవరైనా చూడొచ్చు. బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు. డబ్బు విషయంలో స్నేహితుల మధ్య గొడవలొచ్చి మూతపడ్డ క్లబ్బులే నేను ఎక్కువ చూశా, మోసాల వల్ల కాదు, ఎవరూ రాసిపెట్టకపోవడం వల్ల.

10. మూడో నెల

మొదటి షోకి అరవై మంది వస్తారు, రెండోదానికి యాభై, మూడోదానికి పద్దెనిమిది. ఇది అందరికీ జరుగుతుంది, కంగారుపడి మసాలా సినిమాకి మారిపోకండి, అది థియేటర్లో మనకంటే బాగా వేస్తారు. చెయ్యాల్సింది డేటు మార్చకుండా ఉండటం. రెండో ఆదివారం అంటే రెండో ఆదివారమే. ఇంటర్, టెన్త్ పరీక్షల నెల, ఇండియా మ్యాచ్, సంక్రాంతి వారం, పెద్ద హీరో సినిమా రిలీజైన వారం, వీటితో ఢీకొనకుండా ఏడాది క్యాలెండర్ ముందే వేసుకోండి, కుదరని నెల షో లేదని ముందే చెప్పెయ్యండి.

మొదటి ఆరు సినిమాల్లో కనీసం రెండు తెలుగువి, ఒకటి పిల్లలది ఉండేలా చూడండి. మూడు గంటల నలుపు తెలుపు పోలిష్ సినిమా మీకెంత ఇష్టమైనా ఏడో నెలకి దాచుకోండి.

షో అయిపోయాక వచ్చే నెల సినిమా పేరు, తేదీ మైకులో కాదు, గుమ్మం పక్కన చార్టు మీద రాసి ఉంచండి, చెప్పులేసుకుంటూ చూస్తారు.

హాలు అప్పజెప్పేముందు:

- ప్రొజెక్టర్ ఫ్యాన్ ఆగేదాకా ప్లగ్ పీకొద్దు
- కేబుళ్లు మోచేతికి చుట్టకుండా పెద్ద చుట్టలుగా, ఎన్ని తెచ్చామో అన్ని ఉన్నాయా లెక్క
- లాప్‌టాప్‌లో, రెండు పెన్‌డ్రైవుల్లో ఉన్న ఫైలు మర్నాడు తీసెయ్యాలని ఇద్దరి ఫోన్లలో అలారం
- బాత్రూం కుళాయి, లైట్లు, ఫ్యాన్లు
- కుర్చీల కింద మిగిలిపోయినవి (మాకు ఇప్పటిదాకా నాలుగు గొడుగులు, ఒక కళ్లజోడు, ఒక పసివాడి చెప్పు)
- తాళం వేశాక రెండు చెవులూ ఇద్దరి దగ్గరికి వెళ్లాయా, ఆ ఇద్దరిలో ఎవరికైనా వచ్చే నెల పెళ్లి పిలుపుందేమో అడగడం